పాత బిజార్ తివాచీని బాగుచేయించుకున్నాను: నా అనుభవం

పాత పర్షియన్ తివాచీ ఎక్కడ కనిపించినా నేను ముందు ఒక మూల పట్టుకుని తిరగేస్తాను. ముందు వైపు చూస్తే రంగులూ పూలూ చూపు లాగేస్తాయి. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు), ముడి కనిపించేది వెనక వైపే. ఏ ప్రాంతానిదో, సుమారుగా ఏ కాలానిదో, మధ్యలో ఎవరైనా మరమ్మతు చేశారో లేదో అక్కడే తెలుస్తుంది. మాది చీరాల. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. కొనడానికి వచ్చినవాళ్లు చీర కొంగు చూస్తుంటే మా నాన్న బట్టను తిప్పి, వెనక పోగులు ఎలా కూర్చున్నాయో చూపించేవారు. ఆ అలవాటే లండన్‌లో నాకు పనికొచ్చింది.

ఒక చిన్న పట్టణంలో పాత సామాన్ల వేలం ఉందని తెలిసి వెళ్లాను. కేటలాగులో ఈ తివాచీ గురించి రాసింది ఇంతే: పర్షియన్ రగ్గు, 20వ శతాబ్దం మొదట్లోది, కొంత అరిగింది. వేలానికి ముందు రోజు సరుకు చూసుకోనిస్తారు. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆ రోజు తప్పకుండా వెళ్లండి. ఫోటోలో బరువు తెలీదు, వాసన తెలీదు, చెయ్యి పెడితే ఊలు రాలుతుందో లేదో తెలీదు.

సుమారు ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. ఇటుక ఎరుపు నేల మీద మధ్యలో ముదురు నీలం పతకం, నేలంతా హెరాతీ డిజైన్: మధ్యలో పువ్వు, దాని చుట్టూ డైమండ్ గడి, గడికి బయట వంపు తిరిగిన నాలుగు పొడవాటి ఆకులు. ఆ ఆకులు చేపల్లా ఉంటాయని ఇరాన్‌లో దీన్ని మాహీ డిజైన్ అంటారు. చాలా ప్రాంతాల్లో నేస్తారు కాబట్టి డిజైన్ చూసి ఊరు చెప్పలేం. కానీ మూల ఎత్తబోతే ఒంటి చేత్తో లేవలేదు. ఆ సైజుకి అంత బరువు ఉండకూడదు. వంచబోతే వంగలేదు. అప్పుడే ఇది బిజార్ అయి ఉంటుందనుకున్నాను.

బిజార్ పశ్చిమ ఇరాన్‌లో కుర్దులు ఎక్కువగా ఉండే ప్రాంతంలోని పట్టణం. అక్కడివాళ్లు ఒక వరస ముడులు వేశాక పేకను తడిపి, బరువైన ఇనుప దువ్వెనతో బాది కిందికి దించుతారు. పేక కూడా ఒకటితో సరిపెట్టరు. సన్నవాటికి తోడు ఒక లావు పోగును బిగువుగా లాగి దూరుస్తారు. ఆ బిగువుకి పడుగు పోగులు ఒకటి పైకీ ఒకటి కిందికీ విడిపోయి రెండు వరసలవుతాయి. ముడులకు కదిలే చోటు ఉండదు, ఊలు నిటారుగా నిలబడుతుంది. వ్యాపారంలో బిజార్‌ని ఇనుప తివాచీ అనడానికి కారణం ఇదే. దీన్ని చుట్టాలి, మడవకూడదు. గట్టిగా మడిస్తే లోపలి పోగులు తెగిపోతాయి.

తిరగేసి చూశాను. బిజార్‌కి దగ్గర్లోనే ఉన్న హమదాన్ పల్లెల తివాచీ అయితే ముడుల వరసకీ వరసకీ మధ్య ఒకే పేక పోతుంది. ఆ పేక ఒక పడుగు పోగు మీంచి, మరో దాని కిందనుంచి వెళ్తుంది కాబట్టి వెనకంతా తెల్ల చుక్కలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఇక్కడ ఆ చుక్కల్లేవు. వెనక వైపంతా గట్లు గట్లుగా, గట్టిగా ఉంది. ముందు వైపు ఊలును రెండు బొటనవేళ్లతో విడదీసి ముడి మొదలు చూశాను. పోగు రెండు పడుగుల మీదుగా పట్టీలా వెళ్లి, రెండు కొసలూ మధ్యలోంచి పైకొచ్చాయి. అది టర్కిష్ ముడి. ఇరాన్‌లో తివాచీలు నేసే బిజార్, హెరిజ్, తబ్రీజ్, హమదాన్ ప్రాంతాలన్నింట్లో ఇదే. కాషాన్, కెర్మాన్, ఇస్ఫహాన్, నాయిన్‌లలో పర్షియన్ ముడి: పోగు ఒక పడుగుకి పూర్తిగా చుట్టుకుని, పక్కదాని వెనకనుంచి ఊరికే వెళ్తుంది. వంపులూ తీగలూ సన్నగా రావాలంటే పర్షియన్ ముడి మేలంటారు. కానీ తబ్రీజ్ వాళ్లు టర్కిష్ ముడితోనే, కొక్కెం ఉన్న కత్తితో, ఎంత సన్నని పనైనా చేస్తారు.

లోపాలు కూడా ఆ రోజే చూసుకున్నాను. ఒక మూల అరచేయంత మేర చిమ్మటలు తినేశాయి. ఒక పక్క అంచు విడిపోయింది. రెండు చివర్లా కుచ్చులు ఎప్పుడో పోయాయి. పతకం చుట్టూ ఉన్న నల్ల గీతలు మిగతా ఊలు కంటే లోతుగా అరిగిపోయాయి. ఈ చివరిది లోపం కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. వేలంలో పెద్దగా పోటీ రాలేదు, నేను అనుకున్న దానికంటే తక్కువకే వచ్చింది. ఇంటికి తెచ్చాక మెట్ల మీదుగా మోయడానికి మా ఆయనా నేనూ మధ్యలో ఆగాల్సి వచ్చింది.

బాగుచేసే మనిషి కోసం చాలా వెతికాను. తివాచీ శుభ్రం చేస్తామని బోర్డు పెట్టిన ఒక చోట మెషీన్లో వేసి సాయంత్రానికి ఇచ్చేస్తామన్నారు. అక్కణ్ణించి వచ్చేశాను. చివరికి దొరికిన ఆయన తబ్రీజ్ నుంచి వచ్చిన పెద్దాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. తివాచీ పరచగానే ఆయన మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నిమిరారు. ఊలు ఏ వైపు వాలి ఉందో దాన్నిబట్టి నేత ఎటు మొదలైందో తెలుస్తుంది. ఊలు ఎప్పుడూ మొదలుపెట్టిన చివరి వైపే వాలుతుంది.

"బిజారే," అన్నారు. "పడుగు నూలుది. ఇంకా పాతవైతే పడుగు కూడా ఊలే ఉంటుంది. రంగులు మాత్రం వేళ్లవీ ఆకులవీ. 1900కి కాస్త అటో ఇటో వేసుకోండమ్మా."

తివాచీ మీద తేదీ లేదు. ఉన్నా వెంటనే నమ్మొద్దని ఆయన చెప్పారు. తేదీ నేసినప్పుడు హిజ్రీ, అంటే ఇస్లాం క్యాలెండర్ సంవత్సరం ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్క దాదాపుగా వస్తుంది. ఎక్కువ ధర కోసం ఒక అంకెలో నాలుగు ముడులు పీకేసి వందేళ్లు వెనక్కి జరిపిన తివాచీలు బజార్లో ఉన్నాయి. అది కూడా తిరగేస్తే తెలుస్తుంది. అంకె దగ్గర ముడుల సైజు మారిపోతుంది.

ఆయన వర్క్‌షాపులో కూర్చోవడమే నాకు పెద్ద చదువైంది. గోడవారగా చుట్టలు చుట్టలుగా ఉండేవి. నేను ఒక్కోటీ తిరగేసేదాన్ని, ఆయన పని చేసుకుంటూనే చెప్పేవారు. హెరిజ్ తివాచీలో పెద్ద పతకం కోణాలు కోణాలుగా ఉంటుంది. పట్నంలో గీసిన వంపుల డిజైన్‌ని పల్లెల్లో లావు ఊలుతో నేస్తే గీతలు తిన్నగా మారిపోయాయి, ఆ తిన్నదనమే వాళ్ల అందమైంది. కాషాన్‌ది తిప్పితే చాలాసార్లు నీలం రంగు పేక కనిపిస్తుంది. సారూక్‌లోనూ అంతే. కెర్మాన్‌లో మూడు పేకలు, లేత రంగులు. దక్షిణ ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతంలో కష్కాయీ సంచార జాతుల ఆడవాళ్లు మగ్గాన్ని నేల మీద పరిచి, పడుగూ పేకా అన్నీ ఊలుతోనే, కాగితం మీద డిజైన్ లేకుండా జ్ఞాపకంతో నేస్తారు. గుడారం ఎత్తి వేరే చోటికి వెళ్లేటప్పుడు మగ్గం కూడా చుట్టుకుపోవాలి కదా. అందుకే వాళ్ల తివాచీ ఒక్కోసారి పై భాగం కంటే కింద భాగం వెడల్పుగా ఉంటుంది. పట్నం వర్క్‌షాపుల్లో పద్ధతి వేరు. గళ్ల కాగితం మీద గీసిన డిజైన్‌ని ఒకరు పాటలా చదువుతుంటే, మగ్గం ముందు వరసగా కూర్చున్నవాళ్లు ఆ రంగు ముడి వేసుకుంటూ పోయేవాళ్లు. ఫార్స్, కాషాన్ నేత నైపుణ్యాలను యునెస్కో 2010లో విడివిడిగా తన జాబితాలో చేర్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తిరగేస్తే వేరువేరుగా ఎందుకు చేర్చారో అర్థమవుతుంది.

ముడుల లెక్క గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే తెలిసినవాళ్లందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే. తబ్రీజ్‌లో రజ్ అని లెక్క, ఏడు సెంటీమీటర్లలో ఎన్ని ముడులో. నాయిన్‌లో లా అని లెక్క, పడుగు ఎన్ని పురులు కలిపి పేనారో. అక్కడ అంకె తగ్గేకొద్దీ పని సన్నం. కొత్త తివాచీకి ఈ లెక్కలు పనికొస్తాయి, ధర కూడా వాటితోనే పెరుగుతుంది. పాతదానికి ఊలూ రంగూ ముఖ్యం. తక్కువ ముడులున్న మంచి కష్కాయీ తివాచీ ముందు, లెక్కకు మిక్కిలి ముడులున్నా రంగు చచ్చిన నేత నిలబడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

పని మొదలైంది చిమ్మటలతో. తివాచీని పాలిథీన్‌లో గాలి చొరకుండా చుట్టి పెద్ద ఫ్రీజర్‌లో సున్నాకి 18 డిగ్రీలు కింద రెండు వారాలు ఉంచారు. పురుగులూ గుడ్లూ అన్నీ చావాలంటే అంత కాలం కావాలి. చిమ్మట పురుగు ఊలు తింటుంది, నూలు ముట్టదు. అందుకే పాడైన మూలలో పడుగు పోగులు తెల్లగా అలాగే నిలిచి ఉన్నాయి, ముడులు లేవు. వెనక వైపు నుంచి ముడి మెలికను తింటే ముందు వైపు ఏమీ కనిపించదు. ఒకరోజు చెయ్యి తగలగానే కుచ్చుకి కుచ్చే ఊడొస్తుంది. సోఫా కిందా మంచం కిందా ఉండే భాగం వాటికి ఇష్టం, చీకటిగా ఉంటుంది, ఎవరూ తొక్కరు.

తర్వాత దుమ్ము. తివాచీని బోర్లా వేసి వెనకనుంచి మెత్తగా కొట్టారు. కింద పడినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తే మట్టి కాదు, గరగరలాడే సన్న ఇసుక. తొక్కినప్పుడల్లా ఆ ఇసుక ఊలు మొదళ్లను కోస్తుంది. నీళ్లు తగిలే ముందు ఇదంతా రాలిపోవాలి, లేకపోతే లోపల బురదై కూర్చుంటుంది. బిజార్ బిగువు నేత కాబట్టి దుమ్ము వదిలించడానికి కడగడం కంటే ఎక్కువ సమయం పట్టింది.

కడిగే ముందు ప్రతి రంగుకీ పరీక్ష చేశారు. తడి తెల్లగుడ్డను ఎరుపు మీద కాసేపు నొక్కి పెట్టారు, తర్వాత నీలం మీద, తర్వాత ఆకుపచ్చ మీద. గుడ్డ తెల్లగానే ఉంది. ఆ కాసేపూ నాకు టెన్షనే. 1856లో మొదటి రసాయన రంగు వచ్చాక కొన్నేళ్లకే అలాంటి రంగులు ఇరాన్‌కి చేరాయి. మొదట్లో వచ్చినవి ఎండకి వెలిసిపోయేవి, నీళ్లకి కారిపోయేవి. తివాచీల పేరు చెడుతోందని అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించింది కూడా. ఇందులో అవి లేవు. ఎరుపు రునాస్ వేరుది, మన మంజిష్ఠకి చుట్టం. కలంకారీలో చిరివేరుతో వచ్చే ఎరుపు చూసినవాళ్లకి ఈ ఎరుపు కొత్తగా అనిపించదు. నీలం నీలిమందు. గోధుమ రంగుకి అక్రోటు తొక్క, దానిమ్మ తొక్క.

నలుపు సంగతి. ఊలుని నల్లగా చేయడానికి ఇనుము కలుపుతారు. ఇనుము ఊలుని లోపలినుంచి తినేస్తుంది. వందేళ్లకి నల్ల ఊలు మొదలంటా అరిగిపోయి, పక్కనున్న ఎరుపూ నీలమూ గట్టుకట్టినట్టు పైకి తేలతాయి. మన కలంకారీలోనూ తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నలుపు చేస్తారు, అదీ కాలం గడిస్తే బట్టను కొరుకుతుంది. నేలలో ఎరుపు కూడా అంతా ఒకటే కాదు. ఒకచోట అడ్డంగా పట్టీలా కాస్త లేతగా మారుతుంది. ఒక విడత రంగు ఊలు అయిపోయి, ఇంకో విడత అద్ది మొదలుపెట్టిన చోటు అది. అబ్రాష్ అంటారు. నాకు ఈ తివాచీలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ పట్టీయే.

చల్లని నీళ్లు, గాఢత లేని సబ్బు, ఊలు వాలిన దిక్కుకే మెత్తని బ్రష్. నీళ్లు బయటికి తోసేటప్పుడు ఉస్తాద్ తెహ్రాన్ పక్కన రే పట్టణంలో ఉన్న చష్మే అలీ ఊట గురించి చెప్పారు. అక్కడ బండల మీద తివాచీలు కడిగి ఎండకి పరిచేవాళ్లు. కాషాన్ దగ్గర మష్‌హదె అర్దెహాల్‌లో శరదృతువులో తివాచీ కడగడమే ఒక పండగ. ఒక పుణ్యపురుషుడి జ్ఞాపకంగా తివాచీని ఊరేగిస్తూ వాగు దగ్గరికి తీసుకెళ్లి, పన్నీరు చల్లి, కర్రలతో నీళ్లు చిలకరిస్తారు. 2012లో దాన్నీ యునెస్కో గుర్తించింది.

తివాచీ పూర్తిగా ఆరాక ముడుల పని. పాడైన మూలలో కొన్ని పడుగు పోగులు కూడా తెగాయి. ముందు వాటి పక్కన కొత్త నూలు పోగులు దూర్చి, గట్టి భాగం లోపలిదాకా తీసుకెళ్లి నిలబెట్టారు. ఊలు కోసం ఒక పెద్ద డబ్బా తెరిచారు. నిండా బాగుచేయడానికి వీల్లేని పాత తివాచీల ముక్కల్లోంచి పీకిన పోగులు. పాత ఊలుకి పాత ఊలే సరిపోతుంది. కొత్త ఊలు ఎంత రంగు కలిపినా మెరుపు వేరుగా కనిపిస్తుంది. సూదితో ముడి వేయడం, కత్తిరించడం, ఒక వరస కాగానే పేక దూర్చి దువ్వెనతో దించడం. బిజార్‌లో ఆ దించడమే కష్టం. చుట్టూ ఉన్న బిగువు రాకపోతే అతుకు మెత్తగా తెలిసిపోతుంది. నాకూ సూది ఇచ్చారు. మగ్గం ఇంట్లో పుట్టినా ముడి నా చేతికి కొత్త. రెండు పడుగుల మీదుగా తిప్పి మధ్యలోంచి లాగేటప్పుడు ఎంత బలం పెట్టాలో వేలికి తెలియడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడ మా ఆయనకీ నాకూ వాదన వచ్చింది. అరిగిన నల్ల గీతలన్నీ కొత్త ఊలుతో నింపించేద్దామని ఆయన. వద్దని నేను. నింపితే తివాచీ నున్నగా, ఈ మధ్య నేసినదానిలా తయారవుతుంది. ఉస్తాద్ నా మాటే అన్నారు. చిరుగు పాకకుండా ఆపాలి, పోగులు ఊడకుండా కట్టాలి, అంతవరకే మరమ్మతు. అరుగుదల మీద రంగు పెన్నుతో పూయడం లాంటివి ఆయన ముట్టుకోరు. దీనికి లండన్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని అర్దబీల్ తివాచీ పదిన్నర మీటర్ల పొడవు, అయిదు మీటర్లకు పైగా వెడల్పు, పడుగూ పేకా పట్టువి, పది సెంటీమీటర్ల చదరంలో దాదాపు 5300 ముడులు. చివర్లో మక్సూద్ కాషానీ అనే ఆయన పేరూ, హిజ్రీ 946 అనే సంవత్సరమూ నేసి ఉన్నాయి, అంటే 1539-40. 1893లో డిజైనర్ విలియం మోరిస్ సలహా మీద మ్యూజియం దాన్ని 2000 పౌండ్లకు కొంది. అది అంత నిండుగా కనిపించడానికి కారణం దాని జోడీ తివాచీ. రెండూ పాడైపోతే ఒకదానిలోంచి ముక్కలు తీసి ఇంకోదాన్ని నింపారు. బార్డర్ పోగొట్టుకున్న ఆ రెండోది ఇప్పుడు లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో ఉంది. రంగు వెలవకుండా అర్దబీల్ మీద అరగంటకోసారి పది నిమిషాలే లైట్లు వేస్తారు. ఆ పది నిమిషాల్లో నిలబడి చూసిన ప్రతిసారీ నేను రెండోదాని గురించి ఆలోచించకుండా ఉండలేను. మా నల్ల గీతలు అరిగినట్టే ఉన్నాయి.

ఫోటోలు చూసి డాలస్‌లో ఉన్న మా బావ తనకీ ఒకటి కొని పంపమన్నాడు. పంపడం కుదరదు. ఇరాన్ తివాచీల దిగుమతిని అమెరికా 2010లో ఆపేసింది, అణు ఒప్పందం తర్వాత 2016 జనవరిలో వదిలింది, 2018 ఆగస్టులో మళ్లీ ఆపేసింది. వందేళ్ల నాటిదైనా ఇరాన్‌లో నేసిందే కదా. అక్కడున్నవాళ్లు ఎప్పుడో ఆ దేశంలోకి చేరిన పాతవాటిలోంచే వెతుక్కోవాలి. అలా వెతకడం మంచిదే, తిరగేసి చూడమని చెప్పాను. అతనికి ఏలూరు తివాచీల గురించి కూడా చెప్పాను. పర్షియా నుంచి వచ్చి ఏలూరులో స్థిరపడిన కుటుంబాలు మొదలుపెట్టిన ఊలు నేత అది, మన ఆంధ్రలోనే ఉన్నా మా ఇళ్లలో ఎవరూ పట్టించుకోలేదు.

తివాచీ ఇప్పుడు హాల్లో ఉంది, కింద మందపాటి ఫెల్ట్ వేశాం. ఎండ ఒకే వైపు పడుతుంది కాబట్టి కొన్నాళ్లకోసారి ఈ చివర ఆ చివరకి వచ్చేలా తిప్పుతాం. వాక్యూమ్‌కి తిరిగే బ్రష్ తీసేసి, ఊలు వాలిన వైపుకే లాగుతాను. నెలకోసారి సోఫా జరిపి మూల ఎత్తి వెనక చూస్తాను. కుడి పక్క అంచు ఉస్తాద్ కట్టి ఇచ్చారు. ఎడమ పక్క ఇప్పటికి గట్టిగానే ఉంది కానీ ఇంకో ఏడాది రెండేళ్లలో విడిపోవడం మొదలవుతుందన్నారు. అది నన్నే కట్టమని సూదీ, డబ్బాలోంచి ముదురు నీలం ఊలు ఒక చుట్టా ఇచ్చారు.